పొలం ఇంజిన్‌కు రేసు గొట్టం

అమెరికాలో డీజిల్ పికప్ ట్రక్కు కొన్నవాడి చేతిలో నాలుగు డాలర్లు మిగిలితే ముందుగా చెయ్యి పెట్టేది రెండు చోట్ల: ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలోని ఎయిర్ ఫిల్టరు, పొగ బయటికి పోయే దారిలోని గొట్టం. ఇంజిన్‌కు ఊపిరి బాగా ఆడితే బలం దానంతటదే వస్తుందన్నది ఆ సామాన్లు అమ్మే దుకాణాల్లో నలభై ఏళ్లుగా నలిగిన మాట. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఈ నలభై ఏళ్ల చరిత్రను వరస పెట్టి చూస్తే ఆ మాట డీజిల్ ఇంజిన్ కోసం పుట్టింది కాదని తేలుతుంది. పెట్రోలు రేసు కార్ల దగ్గర పుట్టిన నమ్మకాన్ని, పొలాల్లో పెరిగిన ఇంజిన్‌కు తెచ్చి అంటుకట్టారు. డీజిల్ పికప్ ఇంజిన్‌ను బట్టి ట్రాక్టరుకు చుట్టం, యజమాని సరదాను బట్టి రేసు కారుకు చుట్టం. ఈ రెండు వంశాలకూ తగవు వచ్చి కొలిచి చూడాల్సిన ప్రతిసారీ ఎక్కువగా నెగ్గింది ట్రాక్టరు తెలివే. గొట్టం విషయంలో మాత్రం రేసు పక్షాన కొంతకాలం న్యాయం ఉంది. ఆ న్యాయం ఎక్కడితో అయిపోయిందో ఒప్పుకోకపోవడం వల్లే తర్వాతి చిక్కులన్నీ వచ్చాయని నా వాదన.

ముందు పొలం వైపు కథ. 1915లో మినెసోటాలో ట్రాక్టర్లు అమ్మే ఫ్రాంక్ డొనాల్డ్‌సన్, దుమ్ము మింగి ఇంజిన్లు అకాలంగా పాడవుతున్నాయని గ్రహించి గాలి దారికి అడ్డంగా ఒక వడపోతను అమర్చాడు. ఆయన పేరుతో మొదలైన కంపెనీ నేటికీ ఫిల్టర్ల తయారీలో పెద్ద పేరు. దుక్కి దున్నే ట్రాక్టరు తాను లేపిన దుమ్మునే తాను పీలుస్తూ నడుస్తుంది. ఆ దుమ్ములో ఎక్కువ పాలు ఇసుక జాతి సిలికా. అది పిస్టన్ రింగుల మధ్య చేరి, ఆయిల్‌తో కలిసి లైనర్లను సానపట్టినట్టు అరగదీస్తుంది. మన మెకానిక్కులు ఇంజిన్ బోరుకొచ్చిందనే స్థితి అదే. దీనికి విరుగుడుగా కింది గిన్నెలో ఆయిలు పోసి, గాలిని దాని మీదుగా మలుపు తిప్పే ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్లు వచ్చాయి. మన పల్లెల్లోని పాత ట్రాక్టర్లకు ఇవి ఇప్పటికీ కనిపిస్తాయి. తర్వాత మడతలు పెట్టిన కాగితం ఫిల్టర్లు వాటి చోటు ఆక్రమించాయి. ఫిల్టర్లను పరీక్షించడానికి అరిజోనా ఎడారి దుమ్మును జల్లెడ పట్టి, నలుసుల సైజు ప్రకారం వేరుచేసి వాడేవారు. జనరల్ మోటార్స్‌లోని ఎసి విభాగం దాన్ని సరఫరా చేసేది. ఇప్పటి అంతర్జాతీయ పరీక్షా ప్రమాణాల్లోని దుమ్మును కూడా అరిజోనా దుమ్ము అనే పిలుస్తారు. ఈ వంశంలో ఫిల్టరును అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఎంత దుమ్ము ఆపావు? ఎంత గాలి వదిలావన్నది ఆ తర్వాతి మాట.

రేసు వంశం అడిగే ప్రశ్న దీనికి తలకిందులు. దక్షిణ కాలిఫోర్నియాలోని ఎండిన సరస్సుల మీద కుర్రాళ్లు పాత ఫోర్డు కార్లను విప్పి, సవరించి పరుగెత్తించేవారు. ఆ పందేలను క్రమబద్ధం చేసే సంఘం 1937లో ఏర్పడింది. పెట్రోలు ఇంజిన్‌లో గాలికీ ఇంధనానికీ నిష్పత్తి దాదాపు స్థిరం. ఒక పాలు పెట్రోలుకు పద్నాలుగున్నర పాళ్లకు పైగా గాలి కావాలి. కాబట్టి ఎంత గాలి లోపలికి పోతే అంత పెట్రోలు, అంత బలం. అలాంటి ఇంజిన్‌కు గాలి దారిలోని ప్రతి అడ్డమూ బలానికి గండే. పైగా రేసు ఇంజిన్‌ను తరచూ విప్పి కొత్త రింగులు వేస్తారు కనుక దుమ్ము గురించి దిగులు తక్కువ. 1969లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో మోటార్‌సైకిల్ రేసులతో పరిచయమున్న ఇద్దరు పెట్టిన కె అండ్ ఎన్ కంపెనీ పేరు తెచ్చుకున్నది, ఆయిలు పట్టించిన పలుచని నూలు గుడ్డ పొరలతో చేసిన ఫిల్టర్లతోనే. కడిగి, ఆరబెట్టి, మళ్లీ ఆయిలు పట్టించి వాడుకోవచ్చు. గాలి సులువుగా పోతుంది. ఆ పనికి అది తగిన వస్తువే. రేసు కోసం తేలిన జవాబును ఏళ్ల తరబడి బరువులు లాగే ఇంజిన్‌కు తగిలించడం దగ్గరే పేచీ మొదలైంది.

1973, 1979 చమురు సంక్షోభాల తర్వాత అమెరికన్ కంపెనీలు డీజిల్ వైపు చూశాయి. 1978లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ 5.7 లీటర్ల ఇంజిన్ అపకీర్తి మూటగట్టుకుంది. జనరల్ మోటార్స్ 1982లో 6.2 లీటర్ల డీజిల్‌ను, ఫోర్డు 1983లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ తయారుచేసిన 6.9 లీటర్ల ఇంజిన్‌ను పికప్‌లకు పెట్టాయి. రెండింటికీ టర్బో లేదు, 6.2 ఇంజిన్‌కు 130 హార్స్‌పవరే. డీజిల్ ఇంజిన్‌లో గాలిని ఆపే తలుపు ఉండదు, బలాన్ని తగ్గించేదీ పెంచేదీ ఇంధనం పంపే. అయినా టర్బో లేని ఇంజిన్ పూర్తి బరువు మీద ఉన్నప్పుడు, ఉన్న గాలికి మించి డీజిల్ పోస్తే నల్లపొగ తప్ప బలం రాదు. అందుకే గేల్ బ్యాంక్స్ వంటి కాలిఫోర్నియా ఇంజినీర్లు ఈ ఇంజిన్లకు టర్బో కిట్లు అమ్మారు. దానివల్ల కొండలెక్కేటప్పుడు నిజమైన మేలు కలిగింది. 1989 మోడల్‌గా డాడ్జ్ పికప్‌లో వచ్చిన కమ్మిన్స్ 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్‌తో లెక్క మారింది. అది టర్బోతోనే పుట్టింది: 160 హార్స్‌పవర్, 400 పౌండ్-అడుగుల టార్క్. ట్రాక్టర్ల కంపెనీ కేస్‌తో కలిసి రూపొందించిన బి-సిరీస్ అది. ఆ కుటుంబానికి మనతోనూ చుట్టరికం ఉంది. 1993లో ఏర్పడిన టాటా కమ్మిన్స్ సంస్థ జంషెడ్‌పూర్‌లో తయారుచేసిన బి-సిరీస్ ఇంజిన్లు టాటా లారీల్లో మన రోడ్ల మీద లక్షల కిలోమీటర్లు తిరిగాయి.

ఇక్కడ కొంచెం లెక్క వేస్తే ఫిల్టరు సంగతి తేటపడుతుంది. 5.9 లీటర్ల ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్ నిమిషానికి 2,500 చుట్లు తిరిగితే సుమారు 7,400 లీటర్ల గాలి మింగుతుంది. టర్బో ఆ గాలిని రెట్టింపు చిక్కదనానికి కుక్కితే, ఫిల్టరు గుండా పోయేది నిమిషానికి 14 వేల లీటర్లకు పైమాటే. ఇంత గాలి లాగేటప్పుడు ఫిల్టరు ఎంత అడ్డుపడుతోందో నీటి మట్టం అంగుళాల్లో కొలుస్తారు. బరువు పనులు చేసే డీజిల్ ఇంజిన్లకు సాధారణంగా చెప్పే హద్దు 25 అంగుళాలు. అది దాటితే ఫిల్టరు మార్చాలి. వాతావరణ పీడనం అదే కొలతలో సుమారు 407 అంగుళాలు. అంటే మార్చే గడువుకొచ్చిన ఫిల్టరు కూడా ఆపుతున్నది ఆరు శాతం పీడనాన్నే. కొత్త కాగితం ఫిల్టరు అడ్డం 6 అంగుళాలు అనుకుందాం. వేరే ఫిల్టరు దాన్ని సగానికి తగ్గించినా మిగిలేది ఒక శాతం లోపు, ఆ లోటును టర్బో మరికాస్త వేగంగా తిరిగి పూడ్చుకుంటుంది. మరోవైపు దుమ్ము లెక్క చూడండి. ఒక ఫిల్టరు 99.9 శాతం దుమ్మును, మరొకటి 97 శాతం దుమ్మును ఆపుతాయనుకుంటే, వినడానికి తేడా మూడు శాతమే. ఇంజిన్‌కు కావలసింది ఆగిన దుమ్ము లెక్క కాదు, దాటొచ్చిన దుమ్ము లెక్క. 100 గ్రాముల దుమ్ములో మొదటిది 0.1 గ్రాము వదిలితే రెండోది 3 గ్రాములు వదులుతుంది: ముప్ఫై రెట్లు.

కంపెనీ ఇచ్చిన ఫిల్టరే దేవుడిచ్చిన వరమనడానికి లేదు, దానికీ సాక్ష్యం ఉంది. 1999 తర్వాతి ఫోర్డు 7.3 పవర్‌స్ట్రోక్ పికప్‌లలో ఎయిర్ బాక్సు సరిగ్గా బిగుసుకోక, ఫిల్టరు పక్కల నుంచే దుమ్ము దూరేదన్నది పేరుపడ్డ లోపం. దీనికి యజమానులు కనిపెట్టిన విరుగుడు గమనించదగ్గది. వాళ్లలో చాలామంది రేసు ఫిల్టరు జోలికి పోకుండా, పెద్ద ట్రక్కుల కోసం చేసిన 6637 నంబరు కాగితం ఫిల్టరును కొని, బాక్సు తీసేసి గొట్టానికి నేరుగా బిగించుకున్నారు. ధర తక్కువ, వైశాల్యం ఎక్కువ, పక్కల సందు లేదు. తర్వాత ఫోర్డు కూడా దుమ్ము ప్రాంతాలకు పనికొచ్చే మెరుగైన అమరికను అమ్మకానికి పెట్టింది. మార్పు చెయ్యాల్సిన చోట కూడా సరైన మార్పు ట్రాక్టరు తెలివిలోంచే వచ్చిందన్నమాట. కడిగి వాడే ఫిల్టరుతో డబ్బు ఆదా అంటారు. తారు రోడ్ల మీదే తిరిగే బండికి అది కొంతవరకు నిజం. అయితే ఆయిలు ఎక్కువైతే గాలిని కొలిచే సెన్సారు తీగ మీద పొరకడుతుంది, తక్కువైతే దుమ్ము దాటుతుంది. ఆ పని చేసే చేతి నేర్పు మీదే అంతా ఆధారపడుతుంది. కాగితం ఫిల్టరులో ఇంకో విశేషం ఉంది. దాని మీద కాస్త దుమ్ము పేరుకున్నాక ఆ పొరే వడపోతకు తోడై, ఫిల్టరు కొత్తదానికంటే మెరుగ్గా పనిచేస్తుంది. కంటికి మురికిగా కనబడగానే గాలి కొట్టి దులపడం, పడేయడం రెండూ తొందరపాటే. ఫిల్టరు దాటిన తర్వాతి గొట్టం లోపల తెల్లగుడ్డతో తుడిస్తే మట్టిపొర అంటుతుందో లేదో చూడటం, ఆయిలు మార్చేటప్పుడు అందులో సిలికాన్ ఎంత ఉందో పరీక్ష చేయించడం అసలైన తీర్పులు.

గొట్టం దగ్గరికి వస్తే రేసు వాదానికి బలమైన ఆధారం దొరుకుతుంది. టర్బో అంటేనే పొగ దారిలో ఒక చక్రం. దాని ముందు ఒత్తిడి ఎక్కువగా, వెనక తక్కువగా ఉంటేనే అది చురుగ్గా తిరుగుతుంది. వెనక గొట్టం ఇరుకైతే ఆ తేడా తగ్గి, వేడి ఇంజిన్‌లోనే నిలుస్తుంది. 1990లలో చాలా పికప్‌లకు కంపెనీ ఇచ్చిన గొట్టం 3 అంగుళాలదే. దాన్ని 4 అంగుళాలకు మారిస్తే నోరు దాదాపు 78 శాతం పెద్దదవుతుంది. గుర్రాల ట్రాలీ లాగుతూ కొలరాడో కనుమలెక్కే బండికి పొగ వేడిని చూపే పైరోమీటరు ముల్లు కిందికి దిగడం ఆ మార్పుతో కంటికి కనబడేది. 1,300 ఫారన్‌హీట్ డిగ్రీలను చాలామంది అపాయపు గీతగా పెట్టుకునేవారు. ఆ వేడి అలాగే కొనసాగితే పిస్టన్లు కరిగే ప్రమాదం ఉంది. కాబట్టి ఆ కాలంలో పెద్ద గొట్టం వేయించుకున్నవాడు వృథా ఖర్చు చేశాడనలేం. కంపెనీలు కూడా తర్వాతి మోడళ్లకు పెద్ద గొట్టాలు ఇచ్చి ఆ వాదాన్ని ఒప్పుకున్నాయి. కానీ గొట్టం తనంతట తాను బలాన్ని పుట్టించలేదు. బలం పంపు దగ్గర పుట్టింది. 1994 నుంచి 1998 దాకా డాడ్జ్ కమ్మిన్స్‌కు ఉన్న బాష్ పి7100 పంపులో ఇంధనానికి హద్దు గీసే ఫ్యూయల్ ప్లేటు అనే చిన్న ఇనుప ముక్క ఉంటుంది. దాన్ని ముందుకు జరిపినా, ఆకురాయితో రుద్ది ఆకారం మార్చినా ఇంజిన్‌కు అదనంగా డీజిల్ పడుతుంది. గొట్టం చేసేది ఆ అదనపు ఇంధనం తెచ్చే వేడిని భరించే వీలు కల్పించడం. టర్బో అందుకునేదాకా డీజిల్‌ను బిగపట్టే డయాఫ్రం ఒకటి అదే పంపు మీద ఉంటుంది. దాన్ని వదులు చేస్తే యాక్సిలరేటరు తొక్కగానే నల్లటి పొగ ఎగజిమ్ముతుంది. పొగ అంటే కాలని ఇంధనం, చేతి డబ్బు గొట్టంలోంచి పోవడం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది: ఆ పొగ మోజు పొలాల వాళ్లదే కదా, రేసు వాళ్ల నెత్తిన రుద్దడం ఏమి న్యాయం? నిజమే. అమెరికా పల్లెల్లో ట్రాక్టరు లాగుడు పోటీలు పాతవి. వాటి జాతీయ సంఘం కూడా 1969లోనే ఏర్పడింది. సుమారు 300 అడుగుల మట్టి బాట మీద, ముందుకు పోయేకొద్దీ బరువెక్కే బండను లాగాలి. నల్లపొగ స్తంభంలా లేస్తుంటే జనం ఈలలు వేస్తారు. కానీ మన పల్నాడు, ప్రకాశం ఊళ్ల బండలాగుడు పందేలను గుర్తుచేసుకుంటే తేడా తెలిసిపోతుంది. పందెపు ఒంగోలు గిత్తలను మేపే తీరు వేరు, అరక దున్నే ఎడ్లను మేపే తీరు వేరు. ఈ సంగతి రైతుకు ఒకరు చెప్పనక్కర్లేదు. పోటీ ట్రాక్టరును కూడా మర్నాడు దుక్కికి తోలరు. చిక్కు వచ్చింది, పందెం అమరికను రోజూ తోలే బండికి ఎక్కించి, ఊరి రోడ్డును పందెపు బాట చేసినప్పుడు. సైకిళ్ల మీద పోయేవాళ్ల మీద, పక్క కార్ల మీద కావాలని పొగ కొట్టే ఈ అలవాటుకు అమెరికాలో రోలింగ్ కోల్ అని పేరు. 2015లో న్యూజెర్సీ, 2017లో కొలరాడో దానికి ప్రత్యేకంగా నిషేధం విధించాయి. డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధనా విభాగం 2012లోనే తేల్చింది.

గొట్టం చరిత్ర రెండు ముక్కలైంది 2007లో. పర్యావరణ సంస్థ ఈపీఏ 2001 జనవరిలో ఖరారు చేసిన నిబంధనలకు ముందు మెట్టుగా 2006 చివరికి బంకుల్లో అమ్మే డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 15 పాళ్లకు దిగింది. గంధకం తగ్గాకే మసిని పట్టే డీపీఎఫ్‌లు నిలబడగలిగాయి. తేనెపట్టులా గదులుండే పింగాణీ దిమ్మె అది. ఒక చివర మూసిన గదిలోకి వెళ్లిన పొగ గోడల గుండా పక్క గదిలోకి దూరి బయటపడుతుంది, మసి గోడలకు ఆగుతుంది. ఆగిన మసిని అప్పుడప్పుడు సుమారు 600 సెల్సియస్ డిగ్రీల వేడిలో కాల్చేస్తారు. సక్రమంగా పనిచేసే ఇలాంటి బండి గొట్టం చివర వేలు పెట్టి తిప్పితే నలుపు అంటదు. కొన్నేళ్లకు నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి యూరియా ద్రావణం చిమ్మే అమరిక కూడా చేరింది. దీనితో మార్పు అర్థమే మారిపోయింది. ఇరుకు ఇప్పుడు గొట్టంలో లేదు, గొట్టంలో కూర్చోబెట్టిన శుద్ధి పరికరాల్లో ఉంది. వాటిని పీకేసి, వాటి జాడ వెతకకుండా కంప్యూటర్ ప్రోగ్రాం మార్చే పనిని డిలీట్ అన్నారు. వాదం మాత్రం పాతదే, ఇంజిన్‌కు ఊపిరి. శుద్ధి పరికరాలను తొలగించకూడదన్న నిషేధం 1970 నాటి స్వచ్ఛ గాలి చట్టంలో మొదలై, 1990 సవరణతో ఎవరికైనా వర్తించేలా విస్తరించింది. పదేళ్లలో 5,50,000కు పైగా డీజిల్ పికప్‌ల నుంచి ఈ పరికరాలు తీసేశారని ఈపీఏ 2020లో అంచనా వేసింది. శుద్ధి పరికరాలతో అమ్ముడైన పికప్‌లలో అవి సుమారు 15 శాతం. వాటి జీవితకాలంలో అదనంగా వెలువడే నైట్రోజన్ ఆక్సైడ్లు 5,70,000 టన్నులు. కొత్తగా 90 లక్షల పైచిలుకు సక్రమమైన పికప్‌లను రోడ్డెక్కిస్తే ఎంతో, అంత.

నా వాదానికి ఎదురుగా వినిపించే మాటల్లో రెండు గట్టివి. మొదటిది, కంపెనీలే మోసం చేస్తుంటే యజమాని మీదే కర్ర ఎత్తడం ఏమిటని. 1998లో ఏడు ఇంజిన్ కంపెనీలు పరీక్షలో ఒకలా, హైవే మీద ఒకలా నడిచే ప్రోగ్రాముల కేసులో వంద కోట్ల డాలర్ల ఖర్చుతో రాజీపడ్డాయి. రామ్ పికప్‌ల ఇంజిన్ల విషయంలో కమ్మిన్స్ 167.5 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకున్నట్టు 2023 చివర్లో వెల్లడైంది. ఈ ఆక్షేపణ నిజమే గానీ, అది రుజువు చేసేది డిలీట్ మంచిదని కాదు. కొలవని చోట పెద్దవాడైనా చిన్నవాడైనా ఒకే దారి పడతాడనే అది చెబుతుంది. రెండోది, పరికరాలు చెడిపోతే కోతల సమయంలో బండి మూలన పడుతుందని, బాగుచేయించే ఖర్చు వేల డాలర్లని. ఇది రైతుల నిజమైన బాధ. తక్కువ దూరాలు తిరిగే బండిలో మసి పూర్తిగా కాలదు. కాల్చడానికి అదనంగా చిమ్మిన డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. యూరియా అమరికలో లోపం రాగానే బలాన్ని ఒక్కసారిగా కోసేయకుండా గడువు ఇవ్వాలని 2025లో ఈపీఏనే కంపెనీలకు సూచించింది. నియమాన్ని సవరించి బాధ తీర్చే దారి ఉందన్నమాట. కాలిఫోర్నియాలో అలాంటి దారి దశాబ్దాలుగా నడుస్తోంది: కాలుష్యం పెంచదని పరీక్షలో చూపించిన సామానుకు అక్కడి గాలి మండలి ఉత్తర్వు నంబరు ఇస్తుంది, దాన్ని ధీమాగా అమ్ముకోవచ్చు, బిగించుకోవచ్చు. మార్పు చెయ్యాలనే సరదా చట్టానికి శత్రువు కాదు. కొలతకు తలవంచని మార్పే శత్రువు.

అసలు బలం ఎటునుంచి వచ్చిందో చూస్తే ఈ తగవు తీరిపోతుంది. 1989లో 160 హార్స్‌పవర్‌తో మొదలైన పికప్ డీజిల్, నేడు ఫోర్డు 6.7 లీటర్ల ఇంజిన్‌లో 500 హార్స్‌పవర్, 1,200 పౌండ్-అడుగుల టార్క్ దాకా ఎదిగింది. డీపీఎఫ్, యూరియా అన్నీ మెడకు తగిలించుకునే ఎదిగింది. ఇంధనాన్ని విపరీతమైన ఒత్తిడితో, ఒక్కో స్ట్రోకుకు పలు విడతలుగా చిమ్మే కామన్ రైల్, రెక్కల కోణం మార్చుకునే టర్బో, మెరుగైన కంప్యూటర్లు ఆ పని చేశాయి. గొట్టం ఖాళీ చేయడం ఆ ఎదుగుదలలో ఒక మెట్టు కూడా కాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 వచ్చాక మన కొత్త లారీలకూ పికప్‌లకూ అవే మసి దిమ్మెలు, అవే యూరియా ట్యాంకులు వచ్చాయి. వాటిని పీకిస్తే మైలేజీ పెరుగుతుందనే మాట మన షెడ్లలోనూ వినబడుతుంది. అమెరికా అనుభవం నుంచి మనం తీసుకోదగ్గది అక్కడి సరదాలు కాదు, అక్కడ ఖర్చుపెట్టి నేర్చుకున్న వరస. ఫిల్టరును అడ్డం చూపే గేజీ చెప్పినప్పుడు మార్చాలి. దాని అంచు బిగువును, దుమ్మును ఆపే శాతాన్ని చూసి ఎంచుకోవాలి. పాత బండి అయితే వేడి కొలిచి, అవసరం తేలితేనే గొట్టం పెంచాలి. శుద్ధి పరికరం మొరాయిస్తే దాన్ని తీసేయడం కాకుండా, ఎందుకు మొరాయిస్తోందో వెతకాలి. ఈ వరసలో రేసు కుర్రాడి ఉత్సాహానికి చోటు లేకపోలేదు. ఏదైనా చేతికి తీసుకునే ముందు కొలవాలనే ట్రాక్టరు మెకానిక్కు పట్టుదల తర్వాతే దానికి వంతు.